రెండు వేళ్లతో తిప్పి చూడు

ఈసారి గోడపత్రికకు నన్ను రాయమన్నప్పుడు, నాకు బాగా తెలిసింది ఒక్కటే ఉందండీ, అది రాయొచ్చా అని మేడంగారిని అడిగాను. "ఏదైనా రాయమ్మా, తెలుగులో ఉంటే చాలు" అన్నారు. ఆవిడ ఏ పండగ గురించో అనుకొని ఉంటారు. ఇది మోటరు గురించి. కంప్యూటరులో కారు రేసులు తోలేవాళ్లు స్టీరింగు వెనకాల బిగించుకునే మోటరు పెట్టె గురించి. దాన్ని వీల్ బేసు అంటారు. అది కొనడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. తీరా కొన్నది చిన్నది. ఎందుకు చిన్నది కొన్నావని క్లాసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్లందరికీ కలిపి ఇదే జవాబు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. సిమ్ రేసింగు అంటే బటన్లు నొక్కే ఆట కాదు. నిజమైన ట్రాకును లేజరుతో కొలిచి, గతుకు గతుకూ కంప్యూటరులోకి ఎక్కిస్తారు. టైరు ఎంత పట్టు పట్టింది, ఎంత జారింది అని లెక్క కడతా ఉంటుంది. నేను తోలే అసెట్టో కోర్సా అనే ఇటలీవాళ్ల సిమ్యులేటరు ఆ లెక్కను సెకనుకు 333 సార్లు చేస్తుంది. ఆ లెక్కలో ముందు టైర్లు స్టీరింగును ఎటు లాగుతున్నాయో తేలుతుంది కదా, ఆ లాగుడును మన చేతికి తెచ్చి ఇచ్చేదే బేసులో ఉండే మోటరు. మనం తిప్పుతాం, అది ఎదురు తిప్పుతుంది.

మా అన్న పెళ్లి చేసుకుని హోసూరు పోతూ కంప్యూటరును వదిలేసి పోయినాడు. దానితో పాటు ఒక పాత స్టీరింగు కూడా. దాని లోపల రెండు చిన్న మోటర్లు, వాటి బలం పెంచడానికి పళ్ల చక్రాలు. రాత్రిపూట తోలితే టకటకమని పక్క గదిలో అమ్మకు వినిపించేది. "ఏమే, మిషను కుడతా ఉండావా?" అని అడిగేది. శబ్దం పోనీ అనుకోవచ్చు. అసలు బాధ ఏమంటే స్టీరింగు నేరుగా ఉన్నప్పుడు నడిమిలో కొంచెం వదులు, పళ్లకీ పళ్లకీ మధ్య సందు. కారు జారడం మొదలయ్యేది సరిగ్గా అలాంటి చిన్న కదలికల్లోనే. ఆ సందులో ఆ కబురు పడిపోయి నా చేతికి చేరేది కాదు. కారు జారింది అని కళ్లతో చూసి తెలుసుకునేదాన్ని. కళ్లకు తెలిసేసరికి కారు గడ్డిలో ఉంటుంది.

పళ్ల చక్రాలకు బదులు బెల్టు పెట్టినవి కొన్ని ఉన్నాయి. శబ్దం తక్కువ, నున్నగా తిరుగుతాయి, కానీ బెల్టు కొంచెం సాగుతుంది, కొన్ని కబుర్లు మింగేస్తుంది. మూడో రకం డైరెక్ట్ డ్రైవ్. మధ్యలో ఏమీ ఉండదు. మోటరు షాఫ్టుకే స్టీరింగు బిగిస్తారు. నాకు అది కావాలి.

ఎంత బలమైనది అన్నదే ప్రశ్న. ఈ బేసుల బలాన్ని న్యూటన్ మీటర్లలో చెప్తారు. మోజా ఆర్5 అంటే 5.5, ఆర్9 అంటే 9, ఆర్12 అంటే 12. సిమ్యూక్యూబ్ 2 ప్రో 25 దాకా పోతుంది. ఇంటర్నెట్లో అడిగితే అందరిదీ ఒకటే మాట: డబ్బు ఎంత ఉంటే అంత పెద్దది కొను, తర్వాత ఏడవద్దు. నా దగ్గర ఉన్నది రెండేళ్లు ఎనిమిదిమంది పిల్లలకు లెక్కల ట్యూషను చెప్పి కూడబెట్టిన దుడ్డు. అందులో బేసే కాదు, స్టీరింగు చక్రం, పెడల్సు, బిగించే స్టాండు అన్నీ రావాలి.

కొనే ముందు ఒకసారి పట్టుకొని చూద్దామని ఊళ్లో గంటకింత అని తీసుకునే ఒక సిమ్ సెంటరుకు పోయాను. నేను సీట్లో కూర్చోగానే అక్కడి పిల్లోడు నన్నేమీ అడక్కుండానే బలాన్ని బాగా తగ్గించేశాడు. "మీకు ఇది పోదుం అక్కా, లేడీసుకి చెయ్యి నొప్పెడుతుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు లెండి. కానీ నాకు ఒళ్లు మండింది. పూర్తిగా పెంచమన్నాను. పెంచాడు. మూడో చుట్టులో గోడకు కొట్టాను. నా బొటనవేలు స్టీరింగు కమ్మీ లోపల ఉంది. పెద్ద బేసు మీద గోడకు కొడితే చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో అప్పుడు తెలిసింది. వేలు పది రోజులు వాచింది. పెద్ద బేసులు తోలేవాళ్లు బొటనవేళ్లను చక్రం మీదే ఆనించుకుంటారు, లోపలికి పోనివ్వరు, గుద్దే ముందు చేతులు వదిలేస్తారు. ఇది నాకు ఎవరైనా ముందే చెప్పి ఉండొచ్చు, నేనూ అడిగి ఉండొచ్చు.

వాచిన వేలుతో ఇంటికి వస్తూ బస్సులోనే తీర్మానం చేసుకున్నాను: 12కి తక్కువైతే కొనేదే లేదు. ఇది బేసు మీద ఆశ కాదు, ఆ పిల్లోడి మీద కోపం. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు నెలలు పట్టింది.

మా నైనాకు మోటరు రీవైండింగు పట్టరై ఉంది. వర్క్‌షాపును అరవంలో పట్టరై అంటారు, మా ఇంట్లో తెలుగులోనూ అదే మాట. మన కోయంబత్తూరులో మోటర్ల కథ చిన్నదేమీ కాదు. 1937లో జి.డి.నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి ఇక్కడ చేసిన మోటరే దేశంలో మొదటిదని చెప్పుకుంటారు. ఇప్పటికీ పల్లెల నుంచి కాలిపోయిన పంపుసెట్టు మోటర్లు మోపెడ్ల మీద వేసుకొని నైనా దగ్గరికి వస్తారు. నైనాకు ఈ ఆటలంటే గిట్టదు. అన్న కూర్చున్నప్పుడూ గిట్టలేదు, నేను కూర్చుంటే ఇంకా గిట్టలేదు. అయినా డబ్బు పెద్దది, చెప్పకుండా కొనలేను. ఒకరోజు సాయంత్రం పట్టరైలో బేసుల వివరాలు ప్రింటు తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను.

కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసినాడు.

"ఈ మోటరు తిరగతాదా?"

"ఎక్కువ తిరగదు నైనా. అటు ఒకటిన్నర చుట్టు, ఇటు ఒకటిన్నర చుట్టు. శానాసేపు ఒకే చోట నిలబడి నెడతా ఉంటాది."

"అట్లయితే కాయిలు కాగతాది."

నేను బిత్తరపోయాను. నేను చూసిన వీడియోల్లో ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. పంపు మోటరు తిరుగుతుంది, దాని తోకకు ఉన్న ఫ్యాను కూడా తిరిగి మోటరును చల్లారుస్తుంది. తిరగకుండా ఇరుక్కుపోయిన మోటరుకు కరెంటు ఇస్తూ ఉంటే ఏమవుతుందో నైనా బల్ల మీద ఎప్పుడు చూసినా ఒక నమూనా ఉంటుంది, నల్లగా మాడిన కాయిలుతో. వీల్ బేసు అంటే దాదాపు ఇరుక్కుపోయిన మోటరే. పొడుగాటి వంపులో అది తిరగదు, నెడుతూ నిలబడుతుంది. లోపలికి పోయిన కరెంటంతా వేడే. అందుకే దాని ఒంటిని మందపాటి అల్యూమినియంతో చేస్తారు, వేడి బయటికి పోవడానికి.

"పన్నెండు అని రాసినారే, ఎంతసేపు పన్నెండు?" అన్నాడు నైనా. "మా కాడికి వచ్చే మోటరుకు ప్లేటు మీద ఒక లెక్క ఉంటాది. దినమంతా ఆడితే ఎంత అని. ఇది క్షణం లెక్కా, దినం లెక్కా?"

మళ్లీ పోయి చూసుకున్నాను. చాలావాటికి పెద్ద అక్షరాలతో వేసేది క్షణం లెక్క. నిలకడగా ఎంత ఇవ్వగలదో కొన్నిటికే రాసి ఉంది, అది కొంచెం తక్కువగా ఉంది. ఇంకో తమాషా కూడా ఆయనే పట్టుకున్నాడు. ఫనాటెక్ సీఎస్‌ఎల్ డీడీ అని 2021లో వచ్చిన బేసు ఉంది. దానితో వచ్చే మామూలు అడాప్టరు పెడితే 5 న్యూటన్ మీటర్లు. 180 వాట్ల పెద్ద అడాప్టరు కొని తగిలిస్తే అదే బేసు 8 ఇస్తుంది. "మోటరు అదే కదా, కరెంటు ఎక్కువిచ్చి ఎక్కువ దుడ్డు అడగతా ఉండారు" అని నవ్వినాడు. ఆ కాగితాల మీద ఆయన నవ్వింది అదే మొదటిసారి.

న్యూటన్ మీటరు అంటే ఏమని అమ్మ అడిగింది. ఇది చెప్పడం నాకు ఇష్టం. 28 సెంటీమీటర్ల చక్రం అనుకోండి, నడిమి నుంచి అంచుకు 14. ఆ అంచుకు ఒక పక్క బియ్యం సంచి వేలాడదీస్తే, దాన్ని కిందికి దిగనీయకుండా పట్టుకోవడానికి ఎంత బలం కావాలి? 5.5 అయితే 4 కిలోల సంచి. 9 అయితే ఆరున్నర కిలోలు. 12 అయితే దాదాపు 9 కిలోలు. 25 అయితే 18 కిలోలు. "రాత్రంతా పద్దెనిమిది కిలోల బియ్యం మొయ్యడానికి డబ్బులిచ్చేవాళ్లుండారా?" అంది అమ్మ. ఉన్నారు, బాగా ఉన్నారు.

ఆ వారంలోనే నైనా ఎక్కడి నుంచో ఒక పాత సర్వో మోటరు తెచ్చినాడు, ఏదో సీఎన్‌సీ లేతులోంచి తీసిపారేసింది. టేబులు మీద పెట్టి, "ఇదే కదా నీ పెట్టెలో ఉండేది?" అన్నాడు. నిజంగా అదే జాతి. షాఫ్టును రెండు వేళ్లతో తిప్పి చూడు అన్నాడు. పట్టరైకి వచ్చిన ఏ మోటరునైనా ఆయన ముందు చేసే పని అది. బేరింగు పోయిందా, రోటరు రాసుకుంటోందా అన్నీ ఆ రెండు వేళ్లకే తెలుస్తాయి. తిప్పాను. అయస్కాంతాల మోటరు కదా, వేళ్ల కింద సన్నగా గతుకు గతుకుగా తగిలింది. తర్వాత దాని మూడు వైర్లనూ కలిపి మెలేసి మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి షాఫ్టు బెల్లం పాకంలో గరిటెలాగా బరువుగా తిరిగింది. మనం తిప్పితే అందులోనే కరెంటు పుట్టి మనకే అడ్డం పడుతుందట. పుస్తకంలో చదువుకున్నదే, వేళ్లకు తెలియడం వేరు.

"నేనే కట్టిస్తాను నీకు" అన్నాడు.

అది ఒట్టి మాట కాదు. ఇంతింత బేసులు అంగళ్లలో దొరకని రోజుల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఫ్యాక్టరీ సర్వో మోటర్లు కొని ఇళ్లలోనే కట్టుకునేవారు. ఓపెన్ సిమ్ వీల్ అని దానికి పేరు. ఫిన్లాండులోని గ్రానైట్ డివైసెస్ అనే కంపెనీ అలాంటి మోటర్లను నడిపే బోర్డులు చేసి, తర్వాత సిమ్యూక్యూబ్ పేరుతో బేసులే చేయడం మొదలుపెట్టింది. నైనాకు మోటరు తెలుసు, స్టాండు చేయగలడు. బోర్డు తెప్పిస్తే చాలు. డబ్బు కూడా మిగిలేదేమో.

నేను ఒద్దన్నాను. ఆ మోటరు పెద్దది, ఒక వైరు తప్పినా చక్రం దానంతట అది గిర్రున తిరగొచ్చు, నా వేలు నాకు గుర్తుంది. బోర్డు లోపలి సాఫ్ట్‌వేరు సరిచేసుకోవడం నాకు రాదు, ఆయనకూ రాదు. ఇవన్నీ చెప్పి ఉంటే సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "నాకు గ్యారంటీ ఉండేది కావాల నైనా" అని. ముప్పై ఏళ్లుగా ఊళ్లో రైతులు ఆ చేతి మీద నమ్మకంతో మోటర్లు తెచ్చి ఇస్తున్నారు, ఒక్క కాగితం లేకుండా. ఆయన ఏమీ అనలేదు. సర్వో మోటరును గోనెపట్టలో చుట్టి బల్ల కిందికి తోసినాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ తర్వాత నాకు బుద్ధి వచ్చిందని చెప్పను, కానీ కోపం కొంచెం దిగి కూర్చొని ఆలోచించాను. నాకు అసలు కావలసింది ఏమిటి? వంపులో పోతున్నప్పుడు స్టీరింగు బరువు పెరుగుతూ పోతుంది. ముందు టైర్లు ఇంక పట్టు వదలబోతున్నాయి అనగా, అవి వదిలే ముందే, ఆ బరువు కొంచెం తగ్గుతుంది. చేతిలో చక్రం తేలికవుతుంది. టైరు నేలను పట్టుకున్న చోటులో బలం వెనకవైపు నుంచి ముందుకు జరగడం వల్ల అలా అవుతుంది. నిజమైన కారులోనూ అంతే. ఆ తేలికదనం క్షణమే. అది పట్టుకున్నవాళ్లు బతికిపోతారు, లేనివాళ్లు గడ్డిలో పడతారు. నా పాత స్టీరింగులో పళ్ల సందులో పోయింది అదే. నాకు కావలసిన బలం ఎంత అంటే, ఆ తగ్గడం తెలిసేంత. బియ్యం సంచి మొయ్యడానికి కాదు.

ఇక్కడ ఒక ముడి ఉంది, అది చెప్పకపోతే చిన్న బేసు మీద అబద్ధం చెప్పినట్టవుతుంది. చిన్న బేసును దాని హద్దు దాటి అరిపిస్తే, బరువైన వంపూ ఇంకా బరువైన వంపూ ఒకేలా తగులుతాయి. ఉన్న బలమంతా అప్పటికే ఇచ్చేసింది కాబట్టి తేడా చూపించడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. దీన్ని క్లిప్పింగు అంటారు. కోనియమ్మన్ తేరుకు కట్టే మైకుసెట్టు గుర్తు తెచ్చుకోండి. పెట్టెకు తగినంత పెడితే పాట వినిపిస్తుంది, దానికి మించి పెంచితే బర్రుమనే మోత ఒక్కటే. చిన్న బేసు కొన్నవాళ్లు ఆటలో బలాన్ని తగ్గించుకొని, తెర మీద చిన్న గీత ఎర్రబడకుండా చూసుకోవాలి. అప్పుడు చక్రం మెత్తగా ఉంటుంది, కానీ అన్నీ చెబుతుంది. పెద్ద బేసులో అదే కబురు ఇంకా విశాలంగా, స్పష్టంగా వస్తుంది, అది నిజం. డబ్బుండి, కదలని స్టాండుండి, వేళ్లు జాగ్రత్తగా పెట్టుకునేవాళ్లు 9 కొనుక్కుంటే నేను తప్పు పట్టను. 12 పైన నాలాంటివాళ్లకు ఎందుకో నాకు అర్థం కాలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నాది కంప్యూటరు కాబట్టి ఏ కంపెనీదైనా ఆడుతుంది. ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు ఉన్నవాళ్లు వాటికి పనికొచ్చేదేనా అని ముందే చూసుకోవాలి. ఒక కంపెనీ బేసుకు ఆ కంపెనీ చక్రాలే సులువుగా బిగుస్తాయి, అంటే ఈరోజు బేసు కొనడమంటే రేపటి చక్రం కూడా అక్కడే కొంటానని ఒప్పుకోవడం. ఇక పెడల్సు. బ్రేకును ఎంత దూరం తొక్కామన్నది కొలిచే రకం ఒకటి, ఎంత గట్టిగా తొక్కామన్నది కొలిచే రకం ఒకటి. రెండోదానిలో ఉండేది లోడ్ సెల్, కిరాణా అంగడి ఎలక్ట్రానిక్ త్రాసులో ఉండేదే. కాలికి గుర్తుండేది బలమే గాని దూరం కాదు, కాబట్టి చుట్టు సమయం తగ్గాలంటే బేసు కన్నా ముందు దాని మీద ఖర్చు పెట్టమని ఎవరైనా అంటే వినండి.

చివరికి 5.5దే కొన్నాను, చక్రమూ మామూలు పెడల్సూ కలిపి వచ్చే కట్ట. మిగిలిన డబ్బు లోడ్ సెల్ బ్రేకు కోసం పక్కన పెట్టాను. ఆర్డరు పెట్టేటప్పుడు కూడా ఆ పిల్లోడి మాట చెవిలో ఉంది. ఇప్పుడు వాడు చూస్తే "చెప్పానా అక్కా" అంటాడు. ఇది వాడి మాట వల్ల కొన్నది కాదని వాడికి ఎలా చెప్పేది? చెప్పలేను. ఇప్పటికీ అది కొంచెం గుచ్చుకుంటూనే ఉంది.

పెట్టె వచ్చిన రోజు నైనా పట్టరై నుంచి త్వరగా వచ్చినాడు. ముందే, నేను అడగకుండానే, పాత యాంగిలు ఇనుముతో స్టాండు వెల్డింగు చేయించి పెట్టినాడు. ఎంత గట్టిదంటే దాని మీద గ్రైండరు కూడా పెట్టొచ్చని అమ్మ అంటుంది. పెట్టె విప్పి గ్యారంటీ కార్డు తీసి, రెండు వైపులా చదివి, మడిచి బీరువాలో పెట్టినాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. తర్వాత బేసును ఒళ్లో పెట్టుకొని, కరెంటు ఇవ్వకముందే, షాఫ్టును రెండు వేళ్లతో తిప్పినాడు. కళ్లు మూసుకొని. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

"గతుకు సన్నంగా ఉండాది. పరవాలేదు. బాగా చుట్టినారు."

రాత్రి అన్నాలయ్యాక నేను ముజెల్లో ట్రాకు మీద చిన్న అబార్త్ కారు పెట్టి పది చుట్లు తోలాను. టకటక లేదు. అమ్మకు మిషను శబ్దం వినపడలేదు. నడిమిలో వదులు లేదు. అరాబియాటా అని వరసగా రెండు కుడి వంపులుంటాయి, పాత స్టీరింగుతో నేను ఎప్పుడూ బయటికి పోయేది రెండోదాంట్లోనే. ఆ రోజు రెండుసార్లే పోయాను.

"నువ్వు ఒకసారి పట్టుకో నైనా" అన్నాను.

ఆయన స్టూలు జరుపుకొని కూర్చున్నాడు. తెర వైపు సరిగ్గా చూడనే లేదు. మోటరును వింటున్నట్టు తల ఒక పక్కకు వంచుకొని తోలినాడు, నెమ్మదిగా, ఎడ్లబండి తోలినట్టు. రెండో చుట్టులో కొంచెం వేగం పెంచినాడు. అరాబియాటా రెండో వంపులో చక్రం మీద ఆయన వేళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి.

"ఇప్పుడు తేలికైంది" అన్నాడు.

నేను ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలనుకునేలోపలే కారు నిదానంగా బయటికి జారింది, సరిగ్గా ఆయన అన్న తర్వాత.

ఇంకో చుట్టు తోలుతుండగా కరెంటు పోయింది. తెర ఆరిపోయింది, ఫ్యాను ఆగింది. చీకట్లో ఆయన లేవలేదు. చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతున్న చప్పుడు, చాలా సన్నంగా.

"ఇది ఎన్ని వాట్లు లాగతాది?" అని అడిగినాడు.

ఫోను వెలుతురులో అడాప్టరు తిప్పి చదివి చెప్పాను.

"ఇన్వర్టరుకు ఇంకో లైను లాగాల. రేపు చూస్తాను" అన్నాడు.